జేబు నిండా రాళ్లేసుకొచ్చే పిల్లాడిని ఎక్కడికి తీసుకెళ్లాలి?

ప్రశ్న: మాది కావలి. మావాడికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. ఎక్కడికెళ్లినా జేబు నిండా రాళ్లేసుకొస్తాడు. ఫోన్‌లో ఎక్కడెక్కడి లోయలో, రంగురంగుల కొండలో చూసి "అమ్మా, మన దగ్గర ఇట్లాంటివి ఏమీ లేవా?" అని అడుగుతున్నాడు. దూరాలు తీసుకెళ్లే స్తోమత మాకు లేదు. మా ఆయనకు కృష్ణపట్నం వైపు షిఫ్టు డ్యూటీ. నెలలో రెండు ఆదివారాలే ఖాళీ. రాళ్లూ రప్పలూ చూడటానికి పెట్రోలు దండగ అంటారు. మా అత్తయ్యేమో అంత తిరగాలనుంటే గుడికి పోండి, పుణ్యమైనా వస్తుంది అంటుంది. నేను బీకాం చదివాను. రాళ్ల గురించి నాకేమీ తెలియదు. వాడేదైనా అడిగితే ఏం చెప్పాలా అని టెన్షన్. మన చుట్టుపక్కల పిల్లాడికి చూపించదగ్గ వింత చోట్లు ఏమున్నాయి? వాడికి విసుగు రాకుండా ఎట్లా తీసుకెళ్లాలి? రెండేళ్ల పాప కూడా ఉంది. తనను వెంటబెట్టుకుపోవచ్చా?
— ఒక తల్లి, కావలి

జవాబు:

అమ్మా, ముందు మీవాడి ప్రశ్నకు జవాబు చెబుతాను. ఉన్నాయి. అయస్కాంతం అంటుకునే రాళ్లున్న కొండలు ఒంగోలు దగ్గర ఉన్నాయి. సైదాపురం వైపు మట్టే మెరుస్తుంది. చీమకుర్తిలో నల్లరాతి లోపల బంగారు చుక్కలున్నాయి. ప్రపంచంలో ఎక్కడెక్కడి భవనాలకో ఆ రాయి ఓడలెక్కి పోతోంది. ఇంత ఉన్న నేల మీద పుట్టిన పిల్లాడు ఫోన్‌లో పరాయి కొండలు చూసి మన దగ్గర ఏమీ లేదనుకోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. తప్పు వాడిది కాదు. వాడికి ఎవరూ చూపించలేదు, అంతే.

చోట్ల పేర్లు చెబుతాను. అంతకంటే ముందు, మీకేమీ తెలియదన్న బెంగ గురించి ఒక మాట. మీరు తెలుసుకొని వాడికి పాఠం చెప్పనక్కర్లేదు. మన జిల్లాల్లో ప్రతి వింత రాయి పక్కనా ఆ రాయితో బతికే మనిషి ఒకరు ఉంటారు. పలక చీల్చే వాళ్లు, గ్రానైట్ పాలిష్ పట్టే వాళ్లు, అభ్రకం (మైకా) ఏరిన ముసలమ్మ, బోరుబండి మేస్త్రీ, వల అల్లుకునే జాలరి. మీరు చేయాల్సిందల్లా పిల్లాడిని ఆ మనిషి ముందు నిలబెట్టడం. "మావాడికి రాళ్లంటే ఇష్టమన్నా, ఇదేందో కొంచెం చెప్తావా" అని ఒక్క మాట అడగండి. చిన్నపిల్లాడు అడిగితే కాదనే మనిషి మన వైపు అరుదు. చోటు ఎంత గొప్పదైనా ఊరికే చూసొస్తే వాడికి ఫొటో మాత్రమే మిగులుతుంది. అక్కడి మనిషి చెప్పింది మాత్రం ఏళ్ల తరబడి గుర్తుంటుంది. కాబట్టి ప్రతిసారీ ఒక చోటు, ఒక మనిషి, వాడికి అడగడానికి ఒకే ప్రశ్న. ఇది ఇక్కడే ఎందుకుంది? అది చాలు.

మొదలు ఇంట్లోనే పెట్టండి. మీ వంటింటి గట్టు నల్ల గ్రానైట్ అయితే దాని మీద టార్చ్ వేసి దగ్గరగా చూడమనండి. సన్నగా బంగారు రంగు చుక్కలు మెరిస్తే అది చీమకుర్తి రాయి, బ్లాక్ గెలాక్సీ. ఆ చుక్కలు బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. భూమి లోపల కరిగిన రాయి చాలా నిదానంగా చల్లారినప్పుడు అట్లా గడ్డకట్టింది. గట్టు మామూలు రాయి అయితే ఊళ్లో గ్రానైట్ షాపుకు వెళ్లి మూలన పడేసిన ముక్క అడగండి, ఊరికే ఇస్తారు. తర్వాత ఇంటి ముందు పరిచిన కడప బండ మీద, కనపడని మూలన, నాలుగు చుక్కల నిమ్మరసం వేయించండి. అది సున్నపురాయి కాబట్టి దగ్గరగా చూస్తే సన్నగా బుడగలొస్తాయి. గ్రానైట్ మీద రావు. బీచిలో ఏరుకొచ్చిన ఖాళీ గవ్వ మీద వేస్తే మళ్లీ వస్తాయి. గవ్వకూ బండకూ ఏం చుట్టరికం అని వాడే అడుగుతాడు చూడండి. ఆ మూల తర్వాత మంచినీళ్లతో కడిగేయండి, లేకపోతే బండ మీద మచ్చ పడుతుంది.

ఇంకోటి. మీ వీధిలోనో దగ్గర పొలంలోనో బోరు వేస్తుంటే వాడిని తప్పకుండా తీసుకెళ్లండి. నా దృష్టిలో మన ప్రాంతంలో పిల్లలు చూడాల్సిన గొప్ప వింత అది. పైసా ఖర్చు లేదు. ముందు ఎర్రమట్టి వస్తుంది, తర్వాత సుద్ద, తర్వాత బూడిదరంగు రాతిపొడి. లోతు పెరిగే కొద్దీ రంగు మారుతుంది. బండికి దూరంగా నిలబెట్టి, పని ఆగాక ఒక్కో రంగు పొడి చిటికెడు చొప్పున కవర్లలో పోయించుకోండి. ఎన్ని అడుగుల దగ్గర ఏది వచ్చిందో మేస్త్రీ చెబుతాడు. చెవులు మూయించండి, ముక్కుకు గుడ్డ కట్టండి. ఆ పొడి పీల్చకూడదు.

ఇక బయటికి. మీకు అన్నిటికంటే దగ్గర తుమ్మలపెంట బీచి. మీవాడు ఇప్పటికే చాలాసార్లు చూసి ఉంటాడు. ఈసారి ఒక అయస్కాంతంతో వెళ్లండి. పాడైపోయిన పాత స్పీకరులో ఉంటుంది. రిపేరు షాపు వాళ్లు తీసిస్తారు. దాన్ని పలచటి ప్లాస్టిక్ కవర్లో చుట్టండి. కవరు లేకపోతే అంటుకున్న ఇసుక మళ్లీ ఊడిరాదు. అలలు వెనక్కిపోయిన చోట తడి ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తే, అక్కడి ఇసుక ఎండాక అయస్కాంతం దానిపై తిప్పమనండి. నల్ల రేణువులు లేచి అంటుకుంటాయి. అది ఇనుము ఉన్న ఖనిజం. బరువు ఎక్కువ కాబట్టి అల తేలిక ఇసుకను లాక్కుపోయి దీన్ని వదిలేస్తుంది. అది ఎక్కడి నుంచి వచ్చింది? కొండల నుంచి. వానలకు అరిగి, ఏర్లలో కొట్టుకొచ్చి, సముద్రం పాలై, మళ్లీ ఒడ్డుకు చేరింది. ఆ చారలు ఎప్పుడు ఎక్కువగా పడతాయో, ఏ కాలంలో ఒడ్డు తెగిపోతుందో అక్కడి జాలర్లను అడగండి. వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఎక్కడైనా గూడు కనబడితే ముట్టుకోకుండా అటవీశాఖ వాళ్లకు చెప్పాలని వాడికి ముందే నేర్పండి.

అది చూశాక కొణిజేడు. ఈ రెండింటినీ ఈ వరుసలోనే చూపించమని నా గట్టి సలహా. టంగుటూరు దగ్గర కొణిజేడు, మర్లపాడు, ఎర్రజర్ల వైపు కొండల్లో మాగ్నటైట్ ఇనుప ఖనిజం ఉంది. చూడటానికి మామూలు గుట్టలే. పచ్చదనం లేదు, జలపాతం లేదు, సెల్ఫీ దిగడానికి కూడా ఎవరూ రారు. కానీ కొండ కింద దొరికే నల్లటి బరువైన రాయికి మీవాడి అయస్కాంతం టక్కున అంటుకుంటుంది. కొన్ని రాళ్లలో నలుపు, తెలుపు చారలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. నల్లది ఇనుము, తెల్లది పలుగురాయి. మీ ఫోన్‌లో దిక్సూచి ఉంటే పెద్ద రాయి దగ్గరికి తీసుకెళ్లి చూడండి, ముల్లు కదలొచ్చు. సముద్రం ఒడ్డున చిటికెడు దొరికినదాని లాంటిదే ఇక్కడ కొండంత ఉందని వాడికి తెలిసిన క్షణం మీరు వాడి మొహం చూడాలి. కొండెక్కే పనేమీ లేదు. ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే రాళ్లు ఎక్కడ దొరుకుతాయో చూపిస్తారు. కావలి నుంచి రైల్లోనో బస్సులోనో టంగుటూరుకు వెళ్లి అక్కడ ఆటో మాట్లాడుకోండి. మీ ఆయనతో పెట్రోలు గొడవ కూడా ఉండదు.

మెరిసే మట్టి కావాలంటే దక్షిణానికి, గూడూరు, సైదాపురం, కలిచేడు వైపు పోవాలి. నెల్లూరు మైకా ఒకప్పుడు విదేశాలకు పోయిన సరుకు. కొన్ని ఊళ్లలో రోడ్డు పక్క మట్టి కూడా ఎండకు తళతళలాడుతుంది. ఒక మైకా ముక్క దొరికితే గోటితో అంచు పట్టి లాగమనండి. మడతకాజా పొరల్లా ఒక్కొక్కటే ఊడొస్తుంది, ఎంత పలచగా లాగితే అంత అద్దంలా అవతలివైపు కనిపిస్తుంది. మంటలో కాలదు, కరెంటును పోనివ్వదు. అందుకే పాత ఇస్త్రీ పెట్టెల్లో వేడి తీగను మైకా రేకుల మధ్యే పెట్టేవాళ్లు. పాత ఇనుప సామాన్ల కొట్లో ఒక పాడైన ఇస్త్రీ పెట్టె అడిగి విప్పించి చూపండి. మట్టిలో దొరికింది వాడి చొక్కా ఇస్త్రీ అయ్యేదాకా ఎట్లా వచ్చిందో అప్పుడు అర్థమవుతుంది. ఆ ఊళ్లలో గనుల్లో పనిచేసిన ఆడవాళ్లు, రేకులు కత్తిరించిన వాళ్లు పెద్దవయసు వాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లతో మాట్లాడించండి. అది ఎంత కష్టపు పనో కూడా వాడు వినాలి. మెరుపు ఒక్కటే చూపించి కష్టం దాచిపెట్టకండి. ఎనిమిదేళ్ల పిల్లాడు దాన్ని తట్టుకోగలడు.

కానీ పాత మైకా గుంతల దగ్గరికి, పలుగురాయి క్వారీల్లోకి, చీమకుర్తి గ్రానైట్ గుంతల అంచుకు పిల్లాడిని తీసుకెళ్లొద్దు. ఈ మాట దగ్గర నేను కటువుగానే ఉంటాను. ఆ గుంతలు నిట్టనిలువుగా దిగిపోతాయి. నీళ్లు నిండి ఆకుపచ్చగా, ప్రశాంతంగా కనిపిస్తాయి. మెట్టు ఉండదు, పట్టు ఉండదు, పడితే ఈతొచ్చినవాళ్లు కూడా పైకి రాలేరు. ఫొటోకైనా వద్దు. చీమకుర్తి వెళ్తే పాలిష్ పట్టే యూనిట్‌లో అనుమతి అడిగి చూపించండి. గరుకుగా బూడిదరంగులో ఉన్న రాయి ఒక వైపు, అద్దమైన పలక ఇంకో వైపు ఉంటాయి. చూడాల్సింది అదే.

మీ అత్తగారి మాటకు వస్తాను. ఆవిడ చెప్పింది సరైన మాటే, కాకపోతే ఆవిడను కూడా బయల్దేరదీయండి. మన దగ్గర మంచి గుళ్లన్నీ మంచి రాళ్ల దగ్గరే ఉన్నాయి. పెంచలకోనలో నరసింహస్వామి శిలారూపంలో వెలిశాడు. గుడి వెనక వెలికొండలు, వానలు పడితే కొండ మీద నుంచి జలపాతం. చెంచులక్ష్మి కథ మీ అత్తగారు చెప్పాలి, మీరు కాదు. ఆవిడ ఆ కథ చెప్పేటప్పుడు మధ్యలో మీరు "అదంతా కాదురా, సైన్సు ప్రకారం..." అని అడ్డు తగలొద్దు. మీవాడు తర్వాత రాయి ఎట్లా పుట్టిందని అడిగితే అదీ చెప్పుకోండి. పిల్లలకు రెండు కథలూ పడతాయి. తగువు పెట్టేది మనమే.

భైరవకోన ఇంకా బాగుంటుంది. ఉదయగిరి నుంచి సీతారామపురం మీదుగా వెళ్లొచ్చు. ఒకే కొండరాతిలో ఎనిమిది గుహాలయాలు తొలిచారు. ఏడు తూర్పుకు, ఒకటి ఉత్తరానికి చూస్తుంటాయి. పల్లవుల శైలి అంటారు. పక్కనే జలపాతం. ఇక్కడ వాడికి ఒక పని అప్పజెప్పండి. గుడి గోడ మీద చెయ్యి పెట్టి జాయింట్లు, సున్నం, ఇటుక ఎక్కడున్నాయో వెతకమనండి. ఎక్కడా ఉండవు. కట్టడం వేరు, తొలచడం వేరు. రాయి తీసేస్తూ పోతే మిగిలింది గుడి. ఒక్క దెబ్బ తప్పు పడితే మళ్లీ అతికించే వీల్లేదు. ఉలి పట్టినవాళ్లు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో అక్కడి పూజారిగారిని అడగమనండి. ఆయన చెప్పేది మీరూ వినండి. ఒక ఆదివారానికి సరిపోయేంత మాట అది. జలపాతం కోసమైతే వేసవిలో వెళ్తే మిగిలేది ఎండిన బండే. మనకు ఎక్కువ వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కార్తీకం నుంచి సంక్రాంతి వరకు నీళ్లుంటాయి, ఎండా అంతగా ఉండదు. అయితే తుపాను చెప్పిన రోజుల్లో, పైన కొండల్లో మబ్బు పట్టిన రోజున అటు పోవద్దు. మీ నెత్తిన చుక్క పడకపోయినా పైన కురిసిన వాన ఒక్కసారిగా కోనలోకి దిగుతుంది.

ఉదయగిరి దుర్గం 3,079 అడుగులు. ఎనిమిదేళ్లవాడితో పైదాకా ఎక్కాలని పంతం పట్టకండి. కింద నుంచి చూసినా కొన్ని వైపుల కొండే గోడగా నిలబడి ఉండటం కనిపిస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు దీన్ని గజపతుల దగ్గర నుంచి 1514లో గెలిచేముందు ఏడాదికి పైగా ముట్టడి వేయాల్సి వచ్చింది. ఎందుకంత కాలం పట్టిందో కొండను చూస్తే వాడికే తెలుస్తుంది, చరిత్ర పుస్తకం అక్కర్లేదు. ఊళ్లో చెక్క చెంచాలు చేసే వాళ్ల దగ్గరకు తప్పకుండా తీసుకెళ్లండి. ఆ కొండల అడవి కర్రతో మొదలైన పని అది. ఒక చెంచా వాడి చేతనే కొనిపించండి.

మార్కాపురం మీకు దూరమే, సెలవుల్లో ఒకసారి పెట్టుకోండి. అక్కడి పలకరాయి చూపించడానికి మీ అత్తగారి వయసువాళ్లు తోడుండటం మంచిది. ఆవిడ అక్షరాలు దిద్దిన పలక ఆ నేల నుంచే వచ్చి ఉండొచ్చు. నల్లమల వైపు ఒకప్పుడు సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న బురద మీద పొర మీద పొర పడి, బరువుకూ వేడికీ నలిగి పలకరాయి అయింది. వంద కోట్ల ఏళ్లకు పైమాటే. అంత పెద్ద అంకె పిల్లాడికి ఎక్కదు. "అప్పటికి చేపలు కూడా పుట్టలేదు" అని చెప్పండి, ఠక్కున ఎక్కుతుంది. పనివాడు ఉలిని అంచున పెట్టి చిన్నగా తట్టగానే రాయి తలుపు తీసినంత తేలిగ్గా రెండుగా విడిపోవడం చూస్తే ఇక వాడు అక్కడి నుంచి కదలడు. ఓపిక పట్టండి, చూడనివ్వండి.

అటు వెళ్లినప్పుడే కంభం చెరువు కూడా. రెండు కొండల మధ్య సందులో గుండ్లకమ్మ ఏరు పోతుంటే, ఆ సందును ఒక కట్టతో మూశారు, విజయనగర కాలంలో. కట్ట చూస్తే చిన్నదే. వెనక నీళ్లు మాత్రం చెరువు నిండిన ఏడు కనుచూపు మేర. 2020లో దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించారు. కట్ట మీద నిలబెట్టి, "నువ్వైతే కట్ట ఎక్కడ వేసేవాడివిరా?" అని అడగండి. కాసేపు అటూ ఇటూ చూసి ఈ సందునే చూపిస్తాడు. ఐదు వందల ఏళ్ల కిందటి మేస్త్రీ ఆలోచన వాడికీ తట్టినట్టే. నీళ్లతో ఆడుకోవడం వాడికి ఇష్టమైతే గుండ్లకమ్మ ఒక్కదాన్నే పట్టుకొని ఏడాదంతా తిరగొచ్చు. నల్లమలలో నెమలిగుండం దగ్గర జలపాతం, కిందికొస్తే కంభం చెరువు, ఇంకా కిందికి మల్లవరం దగ్గర రిజర్వాయరు, చివరికి సముద్రం.

ఇక విసుగు సంగతి. పిల్లలకు విసుగు రాళ్ల వల్ల రాదు, మన తొందర వల్ల వస్తుంది. ఒకే రోజు మూడు చోట్లు పెట్టుకుంటే కారు కిటికీ తప్ప వాడికేమీ గుర్తుండదు. ఒక్క చోటుకే, తెల్లవారుజామున బయల్దేరి, ఎండ ముదిరేలోపు పని ముగించుకొని వచ్చేయండి. మార్చి తర్వాత మన ఎండల్లో కొండరాయి పెనమే అవుతుంది, అప్పుడు తిరుగుడు మానేసి ఇంట్లో రాళ్లు సర్దుకోండి. వెళ్లిన చోట వాడు ఒక చీమల బారు దగ్గర అరగంట కూర్చుంటే కూర్చోనివ్వండి. కొండ ఎటూ పోదు. మీ ఫోను సంచిలో పెట్టండి. నచ్చిన చోటుకే వానల్లో ఒకసారి, ఎండల ముందు ఒకసారి వెళ్లండి. కొత్త చోటు చూపించడం కంటే పాత చోటు మారిపోవడం చూపించడం వాడికి ఎక్కువ నేర్పుతుంది. అదే ప్రశ్న రెండోసారి అడిగితే సంతోషించండి.

మీకు జవాబు తెలియనప్పుడు కల్పించి చెప్పొద్దు. "ఇది నాకు తెలీదురా, రాసిపెట్టు" అనండి. ఒక చిన్న నోటుబుక్కు కొనిపెట్టి అట్లాంటి ప్రశ్నలన్నీ వాడి చేతే రాయించండి. డిగ్రీ కాలేజీలో జియాలజీ చెప్పే లెక్చరర్ ఎవరైనా తెలిసుంటే ఆ బుక్కు తీసుకొని ఒక సాయంత్రం వెళ్లండి. బీకాం చదివిన అమ్మ కొడుకుతో పాటు కూర్చొని నేర్చుకోవడం కంటే ఆ పిల్లాడికి చదువు మీద గౌరవం పెంచేది ఇంకోటి నాకు తెలియదు.

ఒక విషయం మాత్రం వాడితో ఎప్పుడో ఒకప్పుడు మాట్లాడండి. నేను కనిగిరి వైపు పుట్టినదాన్ని కాబట్టి చెప్పకుండా ఉండలేను. రాయి అందంగా మెరవడమే కాదు, నీళ్లలోకి తనలోది కొంత వదులుతుంది. కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అది రాళ్లలో నుంచి వచ్చిందే. ఆ నీళ్లు తాగి పళ్లు గారపట్టిన వాళ్లను, కాళ్లు వంకరపోయిన వాళ్లను చిన్నప్పటి నుంచి చూశాను. రాళ్లంటే ఇష్టపడే పిల్లాడు పెద్దయి ఏం చేయగలడో ఆలోచించేటప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ ఊళ్లే. భయపెట్టేలా చెప్పొద్దు. అటు బంధువులుంటే వెళ్లినప్పుడు మంచినీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారో వాడి చేత అడిగించండి, చాలు.

జాగ్రత్తలు కొన్ని. రాళ్లను చేత్తో తిరగేయనివ్వొద్దు, కర్రతో మాత్రమే. కింద తేళ్లుంటాయి. బూట్లు తప్పనిసరి. కొండచరియకు పెద్ద తేనెపట్లు వేలాడుతుంటే దాని కింద నిలబడొద్దు, అరవొద్దు, పొగ పెట్టొద్దు. పెంచలకోనలో కోతులుంటాయి, చేతిలో కవర్లు పట్టుకోకండి. గుడి దాటి అడవిలోకి, పై జలపాతాల వైపు వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి. అది వన్యప్రాణి అభయారణ్యం. పెన్నలో నీళ్లు మోకాలి లోతే కదా అని దిగనివ్వకండి, ఇసుక తోడిన గుంతలు నీళ్ల కింద కనపడవు. సముద్రంలో పాదాలు తడిస్తే చాలు.

ఇంటికి తెచ్చే రాళ్లకు ఒక కట్టుబాటు పెట్టండి. ఒక చోటు నుంచి ఒకటే. ఏది తెచ్చుకోవాలో తేల్చుకోవడానికి వాడు అన్నిటినీ పట్టిపట్టి చూస్తాడు, అసలు చదువు అక్కడే. గుళ్ల దగ్గర నుంచి, అభయారణ్యం నుంచి ఏమీ తేకూడదు. లోపల జీవి ఉన్న గవ్వను ముట్టకూడదు. కోడిగుడ్ల అట్ట ఒకటి ఇవ్వండి, గుంటకొక రాయి. ప్రతి దాని కింద చీటీ పెట్టి ఊరు, నెల, దాని గురించి చెప్పినవాళ్లు ఎవరో రాయమనండి. "కొణిజేడు, మాఘమాసం, మేకలు కాసే తాత చెప్పాడు" అని ఉంటే చాలు. ఆ అట్ట చూస్తే మీ ఆయన కూడా పెట్రోలు మాట మరిచిపోవచ్చు. మరిచిపోకపోతే ఒక్క ఆదివారం ఆయననే పంపండి. కొడుకుతో ఆయనొక్కడే, మీరు లేకుండా. తుమ్మలపెంటకైతే పెట్రోలు ఎంత కాలుతుంది?

పాప విషయం అడిగారు. బీచికి, గుళ్లకు తీసుకెళ్లండి. కొండలకు, పాలిష్ యూనిట్లకు, బోరు దగ్గరికి వద్దు. ఆ దుమ్ము రెండేళ్ల పిల్లకు మంచిది కాదు, ఒకరు ఎత్తుకొని నిలబడితే పెద్దవాడిని చూసుకునే చెయ్యి ఉండదు. ఆ రోజుల్లో అత్తగారి దగ్గర వదిలి వెళ్లండి. చెల్లెలు పుట్టినప్పటి నుంచి మీవాడికి మీరు ఒంటరిగా దొరికి ఉండరు. ఆ నాలుగు గంటలూ వాడికే ఇవ్వండి.